ఓటమిలో నిలిచినవారు: ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో ఒక క్లబ్బు, దాని అభిమానులు

కష్టసుఖాలు కావడి కుండలని మన పెద్దలు అన్నారు. క్రీడారంగంలోని జయాపజయాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. అయితే గెలిచిన జట్టును గూర్చి వ్రాసేవారు కోకొల్లలు. ఓడిన జట్టును గూర్చి వ్రాసేవారు తక్కువ. ఓడిన జట్టు వెంట ఏళ్ళ తరబడి నడిచిన అభిమానులను గూర్చి వ్రాసేవారు మరీ అరుదు. గెలిచే జట్టును ప్రేమించడానికి వేరే కారణం వెదుకనక్కరలేదు. కాని పది సంవత్సరాలు, ఇరవై సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు ఒక మనిషి ఆయుష్కాలమంతా గెలుపు ముఖం చూపని జట్టును విడువక, చలిలోను వర్షంలోను మైదానానికి వెళ్ళే మనుష్యులు ఎందుకు వెళతారు? వారి ఆగ్రహానికి అర్థమేమిటి? వారి ఆశకు ఆధారమేమిటి?

ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి ఆస్ట్రేలియా దేశంలోని మెల్‌బోర్న్ నగరంకన్న తగిన స్థలం దొరకడం కష్టం. ఆ నగరపు పడమటి పేటలలో పుట్టిన ఫుట్‌స్క్రే క్లబ్బు చరిత్రను, అనగా నేడు ‘వెస్టర్న్ బుల్‌డాగ్స్’ అని పిలువబడే జట్టు చరిత్రను, ఈ వ్యాసంలో స్థూలంగా పరిశీలించుదాం.

ఆట స్వరూపం

ఫుట్‌బాల్ అనగానే మన మనస్సులో మెదిలేది సాకర్ ఆట. కాని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా, టాస్మేనియా రాష్ట్రాలలో ఫుట్‌బాల్ అంటే వేరొక ఆట. దానిని ‘ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్’ అంటారు. 1859 మే నెలలో మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్బు సభ్యులు కొందరు సమావేశమై దీని నియమాలను తొలిసారి కాగితంపై పెట్టారు. లండన్‌లో సాకర్ నియమాలు రూపొందినది 1863లో. అంటే ఈ ఆట నియమాలు అంతకు నాలుగేళ్ళు ముందటివన్నమాట. చలికాలంలో క్రికెట్ ఆటగాళ్ళ దేహదారుఢ్యం చెడకుండా ఉండడానికి ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి కావాలని టామ్ విల్స్ అనే ప్రసిద్ధ క్రికెట్ క్రీడాకారుడు 1858లోనే పత్రికాముఖంగా సూచించాడు. ఆ పుట్టుకకు గుర్తుగా నేటికీ ఈ ఆట క్రికెట్ మైదానంవంటి విశాలమైన అండాకారపు మైదానంలో జరుగుతుంది.

ఒక్కొక్క జట్టుకు పద్దెనిమిదిమంది ఆటగాళ్ళు మైదానంలో ఉంటారు. బంతి కూడా గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. బంతిని కాలితో తన్నవచ్చు. చేతితో విసరరాదు గాని, ఒక అరచేతిలో ఉంచుకొని రెండవ చేతి పిడికిలితో గుద్ది తోటివానికి అందించవచ్చు. బంతితో పరుగెత్తేవాడు పదిహేను మీటర్లకు ఒకసారి దానిని నేలకు కొట్టాలి, లేదా తాకించాలి. దూరంనుండి తన్నిన బంతిని నేలపై పడకుండా గాలిలోనే పట్టుకొన్నవానికి అడ్డులేకుండా తన్నే హక్కు లభిస్తుంది. దీనిని ‘మార్క్’ అంటారు. ప్రత్యర్థి భుజాలమీదుగా లేచి ఆకాశంలో బంతినందుకొనే దృశ్యమే ఈ ఆటకు అందం.

మైదానానికి రెండు కొసలలోను నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండు స్తంభాల మధ్యగా బంతి తన్నితే గోలు. దానికి ఆరు పాయింట్లు. పక్క స్తంభానికి, నడిమి స్తంభానికి మధ్యగా పోతే ‘బిహైండ్’. దానికి ఒక్క పాయింటు మాత్రమే. అందుచేత పత్రికలలో ఒక జట్టు లెక్కను 15.12 (102) అని వ్రాస్తారు: పదిహేను గోళ్ళు, పన్నెండు బిహైండ్లు, మొత్తం నూటరెండు పాయింట్లు. గురి తప్పినా ఒక పాయింటు దక్కే ఈ ఆటలో, కొద్ది అడుగుల తేడాతో తప్పిన గోలు అభిమాని మనస్సులో దశాబ్దాల తరబడి ముల్లులా నిలిచిపోతుంది.

పేట పేరు, వంశపు సొత్తు

విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ 1896లో ఏర్పడి, 1897లో ఎనిమిది క్లబ్బులతో పోటీలను ప్రారంభించింది. 1990లో ఈ లీగ్ ‘ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్’ అని పేరు మార్చుకొన్నది. 2012 నుండి ఇందులో పద్దెనిమిది క్లబ్బులు ఆడుతున్నాయి. తొలినాటి క్లబ్బులలో అత్యధికభాగం మెల్‌బోర్న్ నగరంలోని పేటల పేర్లు ధరించినవే: కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, ఫిట్జ్‌రాయ్, సెయింట్ కిల్డా, సౌత్ మెల్‌బోర్న్ మొదలైనవి. ఒక పేటలో పుట్టినవాడు ఆ పేట జట్టుకే చెందుతాడు. పేట విడిచిపోయినా జట్టును విడువడు. తన బిడ్డలకు కూడా దానినే సంక్రమింపజేస్తాడు. పసిబిడ్డ మెడలో జట్టు రంగుల ఉన్ని కండువా వేయడం అక్కడి కుటుంబాలలో ఒక ముచ్చట.

ఇంకొక ముఖ్యవిషయం గమనించాలి. ఈ క్లబ్బులలో చాలావాటికి ధనవంతుడైన యజమాని అంటూ ఉండడు. ఏటా చందా చెల్లించే సభ్యులే క్లబ్బుకు మూలం. పాలకవర్గాన్ని ఎన్నుకోవడంలో వారికి హక్కు ఉంటుంది. అందుచేత అక్కడి అభిమాని కేవలం ప్రేక్షకుడు కాడు. సినిమా బాగులేకపోతే ప్రేక్షకుడు లేచిపోవచ్చు. ఇంటి కప్పు కారుతుంటే ఇంటివాడు లేచిపోలేడు. శిక్షకుణ్ణి తిట్టడం, అంపైర్ నిర్ణయాన్ని నెలల తరబడి విమర్శించడం, పాలకవర్గానికి ఘాటుగా లేఖలు వ్రాయడం, ‘వచ్చే ఏడు నేను రాను’ అని శపథం చేసి, చందా గడువు ముగియకముందే మళ్ళీ చెల్లించడం – ఇవన్నీ ఇంటివాని లక్షణాలే. ఫుట్‌స్క్రే కథలో ఈ సత్యం స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక్క విజయం, సుదీర్ఘ నిరీక్షణ

ఫుట్‌స్క్రే మెల్‌బోర్న్‌కు పడమటనున్న శ్రామికుల పేట. కర్మాగారాలు, రేవు పనులు, రైల్వే పనులు అక్కడి ప్రజలకు జీవనాధారాలుగా ఉండేవి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఐరోపానుండి, తరువాత వియత్నాంనుండి, ఆ తరువాత ఇతర దేశాలనుండి వలసవచ్చినవారు ఆ ప్రాంతంలో స్థిరపడ్డారు. నేడు ఆ పడమటి ప్రాంతపు కొత్త పేటలలో, ముఖ్యంగా టార్నీట్, పాయింట్ కుక్ వంటిచోట్ల, భారతీయ కుటుంబాలు విశేషంగా ఉన్నాయి. మన తెలుగు మాట కూడా అక్కడ వినిపిస్తుంది.

ఫుట్‌స్క్రే క్లబ్బును 1925లో హాథార్న్, నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బులతోపాటు లీగ్‌లో చేర్చుకొన్నారు. ఇరవైతొమ్మిదేళ్ళ తరువాత, 1954 సెప్టెంబరు 25న, మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో జరిగిన అంతిమ పోటీలో ఆ జట్టు 15.12 (102) – 7.9 (51) తేడాతో మెల్‌బోర్న్ జట్టును ఓడించి తన మొదటి ప్రీమియర్‌షిప్‌ను సాధించింది. చార్లీ సటన్ ఆ జట్టుకు నాయకుడు, శిక్షకుడు కూడా. జాక్ కాలిన్స్ ఆనాడు ఏడు గోళ్ళు చేశాడు. ఆ జట్టులోని యువకుడు టెడ్ విట్టెన్ తరువాతి కాలంలో 1970 వరకు ఆడి, క్లబ్బుకు ప్రతీకగా వెలుగొందాడు. 1995లో ఆయన మరణించిన తరువాత క్లబ్బు సొంత మైదానానికి ఆయన పేరే పెట్టారు.

1961లో జట్టు మళ్ళీ అంతిమ పోటీకి చేరి హాథార్న్ చేతిలో ఓడింది. ఆ తరువాత యాభైఐదు సంవత్సరాలపాటు అంతిమ పోటీ మైదానంలో ఫుట్‌స్క్రే జట్టు అడుగుపెట్టలేదు. 1954 విజయం చూసిన యువకులు వృద్ధులయ్యారు. వారి పిల్లలకు అది విన్న కథ అయింది. మనుమలకు గోడమీది పాత ఛాయాచిత్రం అయింది.

1989: డబ్బాలలో చిల్లర

1980వ దశకంలో లీగ్ స్వరూపం వేగంగా మారింది. ఆటగాళ్ళ జీతాలు పెరిగాయి. చిన్న క్లబ్బులు అప్పులలో మునిగాయి. సౌత్ మెల్‌బోర్న్ జట్టు 1982లో సిడ్నీ నగరానికి తరలిపోయింది. 1987లో పెర్త్ నగరం నుండి ఒక జట్టు, బ్రిస్బేన్ పేరుతో మరొక జట్టు కొత్తగా వచ్చి చేరాయి. మెల్‌బోర్న్ నగరంలో అన్ని క్లబ్బులకు చోటులేదని లీగ్ నాయకులు భావించారు.

ఈ పరిస్థితులలో 1989 అక్టోబరు ప్రారంభంలో ఒక ప్రకటన వెలువడింది. అప్పులపాలైన ఫుట్‌స్క్రే క్లబ్బును ఫిట్జ్‌రాయ్ క్లబ్బుతో విలీనం చేసి ‘ఫిట్జ్‌రాయ్ బుల్‌డాగ్స్’ అనే కొత్త జట్టును ఏర్పరుస్తారని దాని సారాంశం. పేట పేరు పోతుంది, రంగులు కలిసిపోతాయి, సొంత మైదానం మూగబోతుంది. ఈ నిర్ణయం జరిగేటప్పుడు సభ్యులను ఎవరూ అడగలేదు.

అభిమానులు దుఃఖించి ఊరుకోలేదు. ఒక సామాన్య మహిళా అభిమాని పేరుమీద న్యాయస్థానంలో దావా వేశారు. పీటర్ గోర్డన్ అనే యువ న్యాయవాది ఉద్యమానికి నాయకత్వం వహించాడు. విలీనం తాత్కాలికంగా ఆగింది. సుమారు మూడు వారాల గడువు దొరికింది. ఆ గడువులో పెద్దమొత్తం కూడబెట్టి క్లబ్బు బ్రతకగలదని నిరూపించాలి. సొంత మైదానంలో వేలాదిమందితో సభ జరిగింది. ఆడవారు, వృద్ధులు, బడిపిల్లలు రేకు డబ్బాలు పట్టుకొని వీధి మలుపులలో, అంగళ్ళ ముందర, కర్మాగారాల గుమ్మాలవద్ద నిలబడి చందాలు వసూలు చేశారు. ధనవంతులు లేని పేటలో చిల్లర నాణేలే సైన్యమయ్యాయి. చివరకు పది లక్షల డాలర్లకు పైగా పోగయింది. విలీనం రద్దయింది. పీటర్ గోర్డన్ క్లబ్బు అధ్యక్షుడయ్యాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఈ డబ్బు ఇచ్చినవారికి ప్రతిఫలంగా విజయం వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. వారు కొన్నది గెలుపును కాదు. మళ్ళీ ఓడిపోయే అవకాశాన్ని సైతం వారు డబ్బు పెట్టి కొన్నారు. జట్టు ఓడుతున్నదని నిన్నటిదాకా కోపగించుకొన్నవారే, జట్టే ఉండదన్ననాడు డబ్బా పట్టుకొని వీధికెక్కారు. కోపం, అభిమానం వేరువేరు నీటిబుగ్గలు కావని దీనివల్ల తెలుస్తుంది. పరాయివాడికి కోపం రాదు. అతడు మౌనంగా వెళ్ళిపోతాడు.

మరుసటి ఏడు, 1990లో, పొట్టివాడైన టోనీ లిబరటోరే అనే ఫుట్‌స్క్రే ఆటగాడు లీగ్‌లోకెల్లా ఉత్తమ ఆటగానికిచ్చే బ్రౌన్‌లో పతకాన్ని గెలుచుకొన్నాడు. బ్రతికిన క్లబ్బుకు అది తొలి కానుక.

గుమ్మం దాకా వచ్చి

క్లబ్బు బ్రతికింది గాని, విజయం చేతికందలేదు. అంతిమ పోటీకి ముందు జరిగే పోటీని అక్కడ ‘ప్రిలిమినరీ ఫైనల్’ అంటారు. ఫుట్‌స్క్రే జట్టు 1985, 1992, 1997, 1998, 2008, 2009, 2010 సంవత్సరాలలో, అనగా ఏడుసార్లు, ఆ గుమ్మం దాకా వెళ్ళి వెనుదిరిగింది. ఎప్పుడూ అట్టడుగున ఉండే జట్టు బాధ ఒక రకం. గుమ్మం దాటబోతూ జారిపడే జట్టు బాధ మరొక రకం. రెండవదే ఎక్కువ లోతుగా దిగుతుందని అక్కడివారు చెపుతారు.

1996 చివరలో క్లబ్బు పేరును ‘వెస్టర్న్ బుల్‌డాగ్స్’ అని మార్చారు. పేట పేరు పోవడం పలువురికి రుచించలేదు. ఆ మరుసటి సంవత్సరం, 1997లో, అడిలైడ్ జట్టుతో జరిగిన ప్రిలిమినరీ ఫైనల్‌లో చివరి పావుభాగం ఆరంభమయ్యే వేళకు బుల్‌డాగ్స్ ఆధిక్యంలో ఉన్నారు. ఆ పావుభాగంలో లిబరటోరే బంతిని తన్ని, గోలు అయిందని చేతులెత్తి సంబరపడ్డాడు. గోలు అంపైర్ దానిని బిహైండ్‌గా నిర్ణయించాడు. అడిలైడ్ తరుముకొనివచ్చి రెండే రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. ఆ తన్ను గోలా, బిహైండా అనే వాదం పడమటి పేటలలో ఇంకా ముగియలేదు. 1998లో అదే అడిలైడ్ జట్టు అదే మెట్టుమీద బుల్‌డాగ్స్‌ను 68 పాయింట్ల తేడాతో ఓడించింది.

నిరాశ మరొకసారి అడుగంటినది 2014లో. జట్టు పద్నాలుగవ స్థానంలో నిలిచింది. సీజను ముగిసిన వెంటనే నాయకుడు రయన్ గ్రిఫెన్ వేరొక జట్టుకు పోవాలని కోరాడు. అటుపిమ్మట శిక్షకుడు బ్రెండన్ మెకార్ట్‌నీ పదవినుండి తప్పుకొన్నాడు. నాయకుడూ లేడు, గురువూ లేడు. అభిమానుల ఆగ్రహం పత్రికలనిండా కనిపించిన కాలమది.

ఆశకు ఏర్పాటు

అక్కడి ఆశకు కేవలం హృదయమే ఆధారం కాదు. లీగ్ నియమాలలో కూడా దానికి చోటు కల్పించారు. 1986లో ‘జాతీయ డ్రాఫ్ట్’ అనే పద్ధతి మొదలైంది. ప్రతి సంవత్సరం సీజను ముగిసిన తరువాత కొత్త యువ ఆటగాళ్ళను క్లబ్బులు వరుసగా ఎంచుకొంటాయి. ఆ సంవత్సరం చివరి స్థానంలో నిలిచిన జట్టుకు మొదట ఎంచుకొనే హక్కు. విజేతకు అందరికన్న చివర. దీనికితోడు, ఒక్కొక్క జట్టు ఆటగాళ్ళ జీతాలకు వెచ్చించే మొత్తానికి హద్దు ఉంటుంది. ధనిక క్లబ్బు ప్రతిభనంతా కొనివేయకుండా, పేద క్లబ్బు శాశ్వతంగా అడుగున పడి ఉండకుండా ఈ ఏర్పాట్లు కొంతవరకు కాపాడుతాయి. వరుసలో చివరి బాలునికి మొదటి ముద్ద వడ్డించడంవంటిది ఈ పద్ధతి.

తండ్రి ఏ క్లబ్బుకు నిర్ణీత సంఖ్యలో ఆటలు ఆడాడో ఆ క్లబ్బులో చేరడానికి కుమారునికి ప్రత్యేక వీలు కల్పించే నియమం కూడా ఒకటి ఉన్నది. టోనీ లిబరటోరే కుమారుడు టామ్ లిబరటోరే ఈ నియమం కిందనే బుల్‌డాగ్స్‌లో చేరాడు.

అయితే ఏ మంచి ఏర్పాటుకైనా నీడ ఉంటుంది. చివరన నిలిస్తే మేలు కలుగుతుందంటే, ఓడిపోవడమే లాభమనే దురాలోచన పుట్టవచ్చు. మెల్‌బోర్న్ క్లబ్బు 2009 సీజనులో కావాలని ఓడిందా అనే విషయంపై లీగ్ విచారణ జరిపింది. కావాలని ఓడినట్లు క్లబ్బుపై నిర్ధారించలేదు గాని, ఆ వ్యవహారంలో 2013లో ఆ క్లబ్బుకు 5 లక్షల డాలర్ల జరిమానా విధించింది. తమ జట్టు ఓటమిని కోరుకోవలసిన స్థితి అభిమానికి అన్నిటికన్న బాధాకరం. గెలవడానికి శ్రమించి ఓడిన జట్టును అభిమాని క్షమిస్తాడు. శ్రమించని జట్టును క్షమించడు.

2016: అరవైరెండేళ్ళ తరువాత

2014 నవంబరులో ల్యూక్ బెవరిడ్జ్ బుల్‌డాగ్స్ శిక్షకుడుగా నియమితుడైనాడు. పూర్వం తాను ఆటగాడుగా ఉన్న క్లబ్బులలో ఇదీ ఒకటి. 2015లో జట్టు ఆరవ స్థానానికి ఎగబాకింది. 2016 సీజను ఆరంభంలోనే నాయకుడు రాబర్ట్ మర్ఫీ మోకాలికి తీవ్రమైన గాయం తగిలి, ఏడాదంతా మైదానానికి దూరమయ్యాడు. పదిహేడు సంవత్సరాలుగా ఒక్క క్లబ్బుకే ఆడుతూ, ప్రిలిమినరీ ఫైనళ్ళలో ఓడి, ఓపిక పట్టిన ఆటగాడు అతడు. జట్టు ఏడవ స్థానంలో నిలిచి, నాటి పద్ధతి ప్రకారం మొదటి ఎనిమిది జట్లలో ఒకటిగా చివరి పోటీలకు అర్హత పొందింది. ఏడవ స్థానంనుండి అంతవరకు ఏ జట్టూ ప్రీమియర్‌షిప్ గెలువలేదు.

మొదట పెర్త్ నగరానికి పోయి వెస్ట్ కోస్ట్ జట్టును దాని సొంతగడ్డమీద 47 పాయింట్ల తేడాతో ఓడించారు. తరువాత వరుసగా మూడేళ్ళు విజేతగా నిలిచిన హాథార్న్‌ను ఓడించారు. తరువాత సిడ్నీకి వెళ్ళి గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జట్టును కేవలం ఆరు పాయింట్ల తేడాతో ఓడించారు. ఏడుసార్లు మూసుకొన్న గుమ్మం ఎనిమిదవసారి తెరచుకొన్నది.

2016 అక్టోబరు 1న మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో 99,981 మంది ప్రేక్షకుల సమక్షంలో అంతిమ పోటీ జరిగింది. బుల్‌డాగ్స్ 13.11 (89), సిడ్నీ 10.7 (67). అరవైరెండు సంవత్సరాల తరువాత రెండవ ప్రీమియర్‌షిప్ వచ్చింది. విజేతల జట్టులో టామ్ లిబరటోరే ఉన్నాడు. తండ్రికి అందనిది కుమారునికి అందింది.

బహుమతి ప్రదానంలో జరిగిన ఒక సంఘటన ఆ దేశమంతటా చెప్పుకొనబడింది. శిక్షకునికి ఇచ్చిన పతకాన్ని బెవరిడ్జ్ తన మెడనుండి తీసి, గాయంవల్ల ఆడలేకపోయిన మర్ఫీని వేదికమీదికి పిలిచి, అతని మెడలో వేశాడు. మైదానంలో దిగని వానికి పతకమెందుకని ఎవరూ అడగలేదు. నిరీక్షణ కూడా ఒక సేవయే అని ఆ మైదానంలోనివారందరికీ తెలుసు. ఆ పతకం ఒకరకంగా రేకు డబ్బాలు మోసిన వారందరికీ చెందినది.

విజయం శాశ్వతం కాదు. 2017లో జట్టు చివరి పోటీలకే అర్హత పొందలేకపోయింది. 2018లో క్లబ్బు మహిళా జట్టు తమ లీగ్‌లో ప్రీమియర్‌షిప్ గెలిచి కొత్త గర్వకారణమైంది. 2021లో పెర్త్‌లో జరిగిన అంతిమ పోటీలో పురుషుల జట్టు మూడవ పావుభాగంలో ఆధిక్యంలో ఉండి కూడా చివరకు మెల్‌బోర్న్ చేతిలో 74 పాయింట్ల తేడాతో ఓడింది. ఆనాటి విజేత అయిన మెల్‌బోర్న్ అభిమానులదీ నిరీక్షణే. వారి అంతకుముందరి ప్రీమియర్‌షిప్ 1964 నాటిది. ఒకరి యాభైఏడేళ్ళ ఆకలి తీరే రోజున మరొకరు పస్తు ఉండక తప్పలేదు.

ఆశ ఫలించనివారు

ఫుట్‌స్క్రే కథ చదివి, ఓపిక పడితే ప్రతివానికీ ఫలం దక్కుతుందని చెప్పడం సత్యదూరం. సెయింట్ కిల్డా క్లబ్బు 1897 నుండి లీగ్‌లో ఉన్నది. దాని ఏకైక ప్రీమియర్‌షిప్ 1966లో, కాలింగ్‌వుడ్‌పై 74 – 73, అనగా ఒక్క పాయింటు తేడాతో వచ్చింది. 2009లో అంతిమ పోటీలో అది జీలాంగ్ చేతిలో ఓడింది. 2010లో కాలింగ్‌వుడ్‌తో 68 – 68 వద్ద సమమై, వారం తరువాత తిరిగి ఆడిన ఆటలో ఓడింది. ఆ క్లబ్బు అభిమానులు నేటికీ రెండవ ప్రీమియర్‌షిప్ కొరకు ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఫిట్జ్‌రాయ్ గతి ఇంకా విషాదకరం. ఎనిమిది ప్రీమియర్‌షిప్‌లు గెలిచిన ఆ ప్రాచీన క్లబ్బు 1996లో లీగ్‌లో తన చివరి ఆట ఆడింది. తరువాత బ్రిస్బేన్ జట్టుతో కలిపివేయబడింది. కొందరు అభిమానులు కొత్త జట్టును తమదిగా స్వీకరించారు. కొందరు ఆ ఆటకే దూరమయ్యారు. 1989లో ఫుట్‌స్క్రే తప్పించుకొన్న గతి ఏదో ఫిట్జ్‌రాయ్ చరిత్ర చూపుతుంది.

రిచ్‌మండ్ కథ మరొకటి. 1990లో ఆ క్లబ్బు కూడా అభిమానుల చందాలతోనే బ్రతికి బయటపడింది. 2016లో పదమూడవ స్థానంలో నిలిచి తిట్లు తిన్న ఆ జట్టు మరుసటి ఏడే ముప్ఫైఏడేళ్ళ తరువాత ప్రీమియర్‌షిప్ గెలిచింది. 2019, 2020లలో మళ్ళీ గెలిచింది. ఈ మూడు విజయాలలోను పాల్గొన్న బాషర్ హౌలీ లెబనాన్‌నుండి వలసవచ్చిన కుటుంబంలో జన్మించిన నిష్ఠగల ముస్లిం. యువకులను విద్యలోను, క్రీడలోను ప్రోత్సహించడానికి తన పేరున ఒక సంస్థ నడిపినవాడు. వలసవచ్చినవారి బిడ్డ పాత పేట ఆశలను తన భుజాన మోసి నెరవేర్చడం మన విద్యార్థులు గమనించదగిన విషయం.

మనకేమి సంబంధం?

దూరదేశపు ఆటతో మనకేమి పని అని కొందరు ప్రశ్నించవచ్చు. ఫుట్‌స్క్రే తన తొలి విజయపు మధురిమను ఇంకా నెమరువేసుకొంటున్న 1956లో మెల్‌బోర్న్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఆ క్రీడలలో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను లోకానికి చూపడానికి ఒక ప్రదర్శన ఆట ఆడారు. అదే ఒలింపిక్స్‌లో మన భారత సాకర్ జట్టు ఆతిథ్య దేశాన్ని 4 – 2 గోళ్ళతో ఓడించి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాద్ వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్. సికిందరాబాద్ వాసి తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో యువ ఆటగాడు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత జట్టు పాల్గొనే అవకాశమే రాలేదు. కనుక దీర్ఘనిరీక్షణ అంటే ఏమిటో హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఆటకు బయట కూడా ఈ పాఠం వర్తిస్తుంది. ఒక పాఠశాల, ఒక గ్రంథాలయం, ఒక కళాశాల, ఒక భాషాసాహిత్య సంఘం – ముఖ్యంగా అల్పసంఖ్యాకుల సంస్థలు – ప్రభువుల దానాలకన్న సామాన్యుల చిన్న చిన్న చందాలమీదనే ఎక్కువగా నిలుస్తాయి. ఫలితాలు తగ్గిన సంవత్సరంలో, నిధులు లేని సంవత్సరంలో, అటువంటి సంస్థపై విసుగు కలగడం సహజం. విసుగు తప్పు కాదు. లోపాన్ని లోపమని నిర్భయంగా చెప్పడం సభ్యుని హక్కు, బాధ్యత కూడా. పాలకులు ఆ విమర్శను వైరంగా భావించరాదు. 1989లో ఫుట్‌స్క్రేను కాపాడినవారు అంతకుముందు దానిని విమర్శించినవారే. విమర్శించేవాడు ఇంకా మనవాడే. విమర్శించడం మానివేసి తలుపు మూసుకొనిపోయినవానిని గూర్చి మాత్రమే సంస్థ భయపడాలి.

అభిమాని ఆశ అంటే రేపు గెలుస్తామనే జోస్యం కాదు. గెలిచినా ఓడినా ఇది నాది అనే అంగీకారం. ఆ అంగీకారం ఉన్నచోట కోపం పనిగా మారుతుంది, చిల్లర నాణెం బలంగా మారుతుంది, నిరీక్షణ సేవగా మారుతుంది. ఫుట్‌స్క్రే ప్రజలకు ఫలం దక్కడానికి అరవైరెండు సంవత్సరాలు పట్టింది. సెయింట్ కిల్డా వారికి ఇంకా దక్కలేదు. ఫిట్జ్‌రాయ్ వారికి లీగ్‌లో క్లబ్బే మిగలలేదు. అయినా ఈ ముగ్గురిలో ఎవరి అభిమానం తక్కువదని ఎవరు తూచగలరు? విద్యార్థి మిత్రులు తమ కళాశాల జట్టు ఓడిననాడు కూడా మైదానం అంచున నిలిచి చప్పట్లు కొట్టగలిగితే, ఆ సుదూర నగరపు పడమటి పేటల ప్రజలు నేర్పిన పాఠం మనకూ అందినట్లే.